పడవాయన ఫోను ఎందుకు పక్కన పెట్టించావు?

అమ్మాయీ,

నువ్వు పంపిన కవరు అందింది. ఫొటోలు ముందు చూశాను, ఆ ఫొటోల్లోని మనుషుల మీద నువ్వు రాసిన రాతలు తర్వాత చదివాను. నువ్వు అడిగింది రాతల గురించే కాబట్టి ఫొటోల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. బాగున్నాయి. వెలుతురు ఎటునుంచి పడితే బాగుంటుందో నీకు తెలుసు. మనిషికి ఎంత దగ్గరగా వెళ్ళొచ్చో, ఎక్కడ ఆగిపోవాలో కూడా తెలుసు. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. రాతల దగ్గర మాత్రం కాస్త కటువుగానే మాట్లాడతాను. మెచ్చుకునేవాళ్ళు నీకు చాలామందే ఉన్నట్టున్నారు, వాళ్ళకి తోడు ఇంకొకరు దేనికి?

పడవ నడిపే పెద్దాయన మీద రాసిన దాంట్లో నీ మొదటి వాక్యం ఇది: "ఆ ముఖంలోని ప్రతి ముడతా ఒక కథ చెబుతోంది." ఏ కథ? రెండు పేజీలూ చదివాను, ఒక్క కథా కనబడలేదు. ఆయన పేరు లేదు. ఆ పడవ సొంతమో అద్దెదో లేదు. రోజూ ఎవరెవర్ని దాటిస్తాడో, పొద్దున ఎన్నింటికి రేవుకి వస్తాడో, జనం తక్కువైన రోజున ఏం చేస్తాడో, ఏదీ లేదు. ఉన్నదల్లా ఆయన్ని చూసినప్పుడు నీకేమనిపించిందో అదే. ఇటుకలు మోసే ఆవిడ దగ్గరికి వస్తే "కష్టాల్లోనూ చెరగని చిరునవ్వు". బస్సు కోసం ఎదురుచూసే పిల్లాడికి "కళ్ళలో వేయి కలలు". ఒక పని చెయ్యి. పిల్లాడి కలలు తీసి పడవాయనకి ఇవ్వు, ఇటుకలావిడ చిరునవ్వు పిల్లాడికి పెట్టు, ముడతలు ఆవిడకి ఇవ్వు. మళ్ళీ చదువు. ఎక్కడా ఏమీ చెడలేదు, చూశావా? నాకు భయం వేసింది అక్కడే.

"మనిషి ఎలాగూ ఫొటోలో ఉన్నాడు కదా, రాతలో నా అనుభూతి పెడదామనుకున్నాను" అని నువ్వు రాశావు. ఈ మాట మీదే నీతో నా పేచీ. ఫొటోలో మనిషి లేడమ్మా. ఆ మనిషి మీద పడిన వెలుతురు ఉంది, అదీ సెకనులో 125వ వంతో 250వ వంతో. అందులో ఆయన గొంతు లేదు. నువ్వు రాకముందు ఏం చేస్తున్నాడో లేదు, నువ్వు వెళ్ళాక పక్కవాడితో నీ గురించి ఏమన్నాడో లేదు. కెమెరాకి అవతలివైపు, అంటే నీ వెనకాల, ఏముందో అసలే లేదు. ఇవన్నీ కెమెరాకి చేతకాని పనులు. రాత అవసరం పడేది ఇక్కడే. నువ్వేమో కెమెరా చేసేసిన పనినే మాటలతో మళ్ళీ చేస్తున్నావు. ముడతలు, చిరునవ్వు, కళ్ళు అన్నీ పక్క పేజీలో కనబడుతూనే ఉన్నాయి. చదివేవాళ్ళకి కళ్ళు లేవనుకున్నావా?

1838లో పారిస్‌లో, ఫొటో తీసే పద్ధతి మొదట కనిపెట్టినవాళ్ళలో ఒకడైన లూయీ డాగేర్ తన కిటికీలోంచి కిందనున్న వీధిని ఫొటో తీశాడు. అది రద్దీగా ఉండే వీధి, బండ్లూ గుర్రాలూ జనమూ తిరిగే చోటు. కానీ ఫొటోలో వీధంతా ఖాళీ. అప్పటి పలక మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. కదిలినవాళ్ళెవరూ దాని మీద నిలవలేదు. ఒక మూల మాత్రం ఒక మనిషి మిగిలాడు. బూట్లు పాలిష్ చేయించుకోవడానికి కాలు పైకి పెట్టి కాసేపు కదలకుండా నిలబడ్డాడు కాబట్టి మిగిలాడు. మనిషి కనబడే ఫొటోల్లో మనకి తెలిసినంతవరకు అదే తొలిదని చెబుతారు. ఆయనెవరో ఎవరికీ తెలియదు. తనని ఫొటో తీస్తున్నారని ఆయనకీ తెలిసి ఉండదు. ఆయన కాళ్ళ దగ్గర వంగి పనిచేస్తున్న మనిషి చేతులు ఆడుతూనే ఉంటాయి కదా, అందుకని అతను మసకగా మిగిలాడు. నాకెప్పుడూ ఆ మసక మనిషి మీదే మనసు పోతుంది. పనిచేస్తున్నవాడు చెరిగిపోయి, చేయించుకుంటున్నవాడు చరిత్రలోకి ఎక్కాడు. ఇప్పటి కెమెరాలు ఎగిరే పిట్టని కూడా ఆపేస్తాయి, ఆ లోపం తీరింది. కానీ ఎవర్ని నిలబెట్టాలి, ఎవర్ని ఫ్రేము బయట వదిలెయ్యాలి అని తేల్చేది ఇప్పటికీ నువ్వే. వదిలేసినవాళ్ళ లెక్క కాగితం మీద ఉండాలి.

అసలు కథ నీ ఉత్తరంలో ఉంది, వ్యాసంలో లేదు. యథాలాపంగా రాసేశావు: "ఆయన ఫోను మాటిమాటికీ మోగుతుంటే మూడ్ పాడైపోయింది, కాసేపు పక్కన పెట్టమన్నాను. లైఫ్ జాకెట్ కూడా తీయించాను, ఆ రంగు ఫ్రేములో బాగా లేదు." చదివి చాలాసేపు కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఎవరు చేశారు ఆ ఫోను? అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్నవాళ్ళా? ఇంట్లో ఎవరికైనా బాగా లేదా? అప్పు ఇచ్చినవాడా? నీ ఫొటో కోసం ఆయన ఆ కాల్ ఎత్తలేదు. అది చిన్న సంగతి కాదు. నువ్వు వెళ్ళగానే తిరిగి చేశాడా? నది మీద లైఫ్ జాకెట్ తీసేసి కూర్చోమంటే ఏమన్నాడు? నవ్వి ఊరుకున్నాడా, మొహమాటపడ్డాడా? ఈ ప్రశ్నలకి నీ దగ్గర జవాబులుంటే అదే వ్యాసం. ముడతల గురించి నువ్వు రాసిన రెండు పేజీలూ కొట్టెయ్యొచ్చు.

ఈ తీయించడం నీతో మొదలైంది కాదులే. ఎడ్వర్డ్ కర్టిస్ అని అమెరికాలో ఒక ఫొటోగ్రాఫర్. అక్కడి ఆదివాసుల మధ్య ఏళ్ళ తరబడి తిరిగాడు. ఆ పని 1907 నుంచి 1930 దాకా 20 సంపుటాలుగా అచ్చయింది. ఓపికలో, నైపుణ్యంలో ఆయన్ని తప్పుపట్టలేం. 1910లో పీగన్ తెగ గుడారంలో కూర్చున్న ఒక తండ్రినీ కొడుకునీ తీశాడు. ఇద్దరి మధ్యలో నేల మీద ఒక గడియారం ఉంది. నెగెటివ్‌లో స్పష్టంగా కనబడుతుంది. పుస్తకంలో వేసిన ఫొటోలో మాత్రం లేదు, చెరిపేశారు. ఆయన చూడాలనుకున్న ఆదివాసి గడియారం లేని కాలంలో ఉండాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ళేమో ఆయన ఉన్న కాలంలోనే ఉన్నారు, టైము చూసుకుంటున్నారు. ఆ గడియారం వాళ్ళ దగ్గరికి ఎలా వచ్చిందో, దేనికి వాడేవాళ్ళో ఎవరైనా రెండు వాక్యాలు రాసి ఉంటే ఇవాళ ఆ ఫొటో అందం కంటే ఆ రెండు వాక్యాల విలువే ఎక్కువ ఉండేదని నా నమ్మకం.

దేశాలు తిరిగే ఫొటోగ్రాఫర్లందరికీ పట్టే జబ్బు ఇది. మనం ఒక చోటికి చేరేసరికే ఆ చోటు ఎలా ఉండాలో మన బుర్రలో ఒక బొమ్మ ఉంటుంది. దానికి సరిపోయేవి కళ్ళకి ఆనతాయి, సరిపోనివి అడ్డంగా కనిపిస్తాయి. ప్లాస్టిక్ బకెట్, క్రికెట్ టీషర్టు, గోడ మీద రీచార్జి ప్రకటన. నీకు ఒక అలవాటు చెబుతాను. ఫ్రేములోంచి ఏదైనా తీసెయ్యాలనిపించిన ప్రతిసారీ, తీసినా తీయకపోయినా, దాని పేరు నోట్‌బుక్‌లో రాసుకో. రాత్రి ఆ పట్టీ చూసుకో. చాలాసార్లు వ్యాసం మొదలయ్యేది అందులోంచే.

ఇంకోటి. ఇది నీకు కాస్త కష్టంగా ఉండొచ్చు. నీ రాతలన్నిట్లోనూ వాళ్ళని కలవడం ఒక పెద్ద ఘట్టం. "ఆ క్షణం మా ఇద్దరి మధ్య ఏదో మౌన సంభాషణ జరిగింది" లాంటి వాక్యాలు చాలా ఉన్నాయి. నీ వైపు నుంచి అది నిజమే కావచ్చు. ఆవిడ వైపు నుంచి చూడు. ఆవిడ పొద్దున్నుంచి ఇటుకలు మోస్తోంది. మధ్యలో కెమెరా పట్టుకుని ఎవరో అమ్మాయి వచ్చింది, కాసేపు చుట్టూ తిరిగింది, నవ్వమంది, వెళ్ళిపోయింది. మేస్త్రీ ఏమంటాడోనని ఒక కన్ను అటే ఉండి ఉంటుంది. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పిందో లేదో. వాళ్ళ రోజులో నువ్వు ఒక చిన్న సంగతివి, ఒక్కోసారి చిన్న ఇబ్బందివి. ఇది ఒప్పుకుని రాస్తే నీ వాక్యాల్లో ఉన్న పొంగు దానంతటదే దిగుతుంది. అప్పుడు ఆవిడ కనబడటం మొదలుపెడుతుంది.

అమెరికా ఫొటోగ్రాఫర్ డొరతియా లాంగ్ తీసిన వలస తల్లి ఫొటో నువ్వు చూసే ఉంటావు. చెయ్యి చెంపకి ఆనించుకుని దూరంగా చూస్తున్న తల్లి, అటు ఇటు భుజాల మీద మొహాలు దాచుకున్న పిల్లలు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠానీ కోసే కూలీల శిబిరంలో తీసింది. లాంగ్ అప్పుడు ప్రభుత్వం తరఫున నెలరోజులు తిరిగి తిరిగి అలసిపోయి కారులో ఇంటికి వెళ్తోంది. వానలో దారి పక్కన శిబిరం బోర్డు కనబడినా ఆగలేదు. 20 మైళ్ళు వెళ్ళాక మనసు ఒప్పక వెనక్కి తిరిగింది. పది నిమిషాలు ఉండి ఉంటుంది. ఆ తల్లి పేరు అడగలేదు, ఆమె కథా అడగలేదు. వయసు 32 అని మాత్రం ఆమె చెప్పింది. ఇదంతా 1960లో లాంగే స్వయంగా ఒక పత్రికలో రాసింది. ఆ కుటుంబం తిండి కోసం అప్పుడే కారు టైర్లు అమ్ముకుందని కూడా అందులో రాసింది.

ఫొటో పేపర్లో పడింది, ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది. అప్పటికి ఆ కుటుంబం అక్కడి నుంచి వెళ్ళిపోయింది. ఆ ముఖం మాత్రం 1930ల ఆర్థిక మాంద్యపు కష్టానికి గుర్తుగా ప్రపంచమంతా తిరిగింది. 42 ఏళ్ళ తర్వాత, 1978లో, ఆమె ఎవరో లోకానికి తెలిసింది. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. చెరోకీ ఆదివాసి మహిళ. ఆ ఫొటో చూసి తెల్లజాతి రైతు తల్లి అనుకున్నవాళ్ళకి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల తనకి ఒక్క పైసా రాలేదని ఆమె చెప్పింది. టైర్ల సంగతీ తేలింది. తాము దారిలో కారు చెడిపోయి ఆగామని, బాగుచేయించడానికి మగవాళ్ళు ఊళ్ళోకి వెళ్ళారని, టైర్లు అమ్మనే లేదని కుటుంబం వాళ్ళు అన్నారు. లాంగ్ అబద్ధమాడిందని వాళ్ళూ అనలేదు. ఎవరి కథో వీళ్ళ కథలో కలిసిపోయి ఉంటుందన్నారు.

ఇదెందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, లాంగ్ రాత చేతకాని మనిషి కాదు. తను తీసినవాళ్ళు అన్న మాటల్ని అన్నవి అన్నట్టే నోట్‌బుక్‌లో ఎక్కించుకునే అలవాటు ఆమెది. 1939లో ఆర్థికవేత్త అయిన భర్త పాల్ టేలర్‌తో కలిసి వేసిన పుస్తకంలో వలస కూలీల మాటలే ఫొటోల పక్కన ఉంటాయి. అంతటి మనిషి కూడా అలసిపోయిన ఒక్క రోజు పేరు అడక్కుండా వెళ్ళిపోతే, ఖాళీగా మిగిలిన చోట ఏదో ఒక కథ వచ్చి కూర్చుంది. నీ పడవాయన పక్కన నువ్వు ఖాళీ వదిలావు. అందులోకి "యుగాల వేదన" వచ్చి కూర్చుంది.

కాబట్టి పేరు అడుగు. మొదట్లోనే కాదు, కాస్త మాటలు కలిశాక. నీ పేరు ముందు చెప్పు. ఎక్కడి నుంచి వచ్చావో, ఈ ఫొటో ఏం చేస్తావో చెప్పు. చెప్పడానికి నోరు రాకపోతే ఆ ఫొటో తీయాలా వద్దా అని ఆలోచించు. స్టీవ్ మెకరీ అనే ఫొటోగ్రాఫర్ 1984లో పాకిస్తాన్‌లోని ఒక శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్గాన్ అమ్మాయి ఫొటో 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అట్ట మీదికి ఎక్కింది. ఆమె పేరు షర్బత్ గులా అని తెలిసింది 2002లో. ఆ కళ్ళ గురించి అప్పటికే లోకమంతా ఏవేవో రాసేసింది. ఆమె అప్పటిదాకా ఆ ఫొటో చూడనేలేదు. ఎవరో పరాయి మనిషి తనని ఫొటో తీస్తున్నాడని ఆ రోజు కోపం వచ్చినట్టు మాత్రం ఆమెకు గుర్తుంది. ఆ కళ్ళలో జనం చదివిన భయం, యుద్ధం, ధైర్యం అన్నిటి మధ్యా ఈ మామూలు కోపం ఎవరికీ తట్టలేదు చూడు. కళ్ళ గురించి రాసే ముందు ఇది గుర్తు తెచ్చుకో.

పేరు తెలిసినంత మాత్రాన రాయాలని లేదు. పేరు బయటపడితే వాళ్ళకి పని పోతుందన్నా, ఇంట్లో గొడవవుతుందన్నా, పోలీసులొస్తారన్నా మార్చు, మార్చానని చెప్పు. పిల్లల విషయంలో పెద్దవాళ్ళని అడగాలి, అందులో సందేహం లేదు. ఒక్కోచోట పేరు దొరకనే దొరకదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువుకి చనిపోయి, మట్టిలో పూడ్చుతున్న ఆ పసిబిడ్డని రఘు రాయ్ తీశాడు, పాబ్లో బార్తొలొమ్యూ కూడా తీశాడు. ఆ బిడ్డ ఎవరో తెలియదు. అక్కడ "తెలియదు" అన్న మాటే రాయాలి. దాని బదులు కవిత్వం రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నువ్వు "క్షణం" అనే మాట చాలా వాడుతున్నావు. ఫొటోగ్రాఫర్లకి ఆ మాట ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసో దగ్గర్నుంచి అంటుకుంది. నిర్ణాయక క్షణం, అంటే అన్నీ సరిగ్గా కుదిరిన ఆ ఒక్క క్షణం, అనగానే ఆయన పేరే చెబుతారు. ఆయన 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీని కలిశాడు. గాంధీ ఉంటున్న బిర్లా హౌస్ నుంచి బయటికి వచ్చిన కాసేపటికే గాంధీని కాల్చేశారని తెలిసింది. అంతటి క్షణాల వేటగాడికి ఆ క్షణం దొరకలేదు. వెనక్కి పరుగెత్తాడు. తీసిందంతా ఆ తర్వాతది. గేటు దగ్గర చీకట్లో నెహ్రూ జనానికి ఆ వార్త చెబుతున్న ఫొటో ఉంది కదా, అందులో వెలుతురు సరిగా లేదు, అంచులు స్పష్టంగా లేవు. ఆ రోజు గురించి నాకు ఏదైనా అర్థమైందంటే అలాంటి ఫొటోల నుంచే. తుపాకీ పేలిన క్షణం కాదు, వార్త విన్నాక మనుషులు నిలబడ్డ తీరు. నీ వ్యాసాల్లో కూడా క్లిక్ కొట్టిన క్షణం దగ్గర ఆగిపోకు. కెమెరా సంచీలో పెట్టేశాక ఏం జరిగింది? చాలామంది అసలు మాట్లాడటం మొదలుపెట్టేది అప్పుడే. అప్పటిదాకా పోజులో ఉంటారు, అది వాళ్ళ తప్పు కాదు. లెన్స్ మూత పెట్టిన తర్వాత ఒక పావుగంట అక్కడే కూర్చో. ఊరికే కూర్చో.

తీయలేకపోయినవి, తీయవద్దన్నవి కూడా రాయి. చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళు, మొహం తిప్పుకున్నవాళ్ళు, "ముందు డబ్బులివ్వు" అన్నవాళ్ళు. డబ్బులడిగినవాళ్ళ మీద ఫొటోగ్రాఫర్లు చాలా విసుక్కుంటారు, నాకు మాత్రం వాళ్ళు అడిగింది న్యాయంగానే తోస్తుంది. తన ముఖం వల్ల నీకు ఎంతో కొంత వస్తుందని వాళ్ళకి అర్థమైంది, అంతే. ఇచ్చావా లేదా, ఇస్తే ఏమైంది, ఇవ్వకపోతే ఏమన్నారు, రాయి. నీ దగ్గర అలాంటివి ఒక్కటీ లేవు. అందరూ నవ్వుతూ ఒప్పుకున్నారంటే నేను నమ్మను.

అడక్కుండా తీయడం మీద నా మాట చట్టం కాదు. వాకర్ ఎవాన్స్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ సబ్‌వే రైళ్ళలో కోటు కింద కెమెరా దాచుకుని ఎదుటి సీట్లో ఉన్నవాళ్ళని తీశాడు. పుస్తకంగా 1966లో గానీ వేయలేదు. దాచి తీయడం నచ్చకపోయినా, అన్నేళ్ళు ఆగడం నాకు నచ్చింది. ఇప్పుడు సాయంత్రం తీసినది రాత్రికి లోకమంతా చూసేస్తోంది. ఆ తొందరలో రాసే క్యాప్షన్ కూడా అలాగే ఉంటుంది.

చదివేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న నీకు ముందే తెలిసి ఉండాలి. "తర్వాత ఏమైంది?" కెవిన్ కార్టర్ అనే ఫొటోగ్రాఫర్ 1993లో సూడాన్ కరవులో తీసిన ఫొటో, నేల మీద కూలబడిన బిడ్డ, వెనక రాబందు, న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయింది. ఆ బిడ్డ ఏమైందని పాఠకులు అడిగారు. కొద్ది రోజులకే పత్రిక ఒక వివరణ వేయాల్సి వచ్చింది. తర్వాతి ఏడాది ఆ ఫొటోకి పులిట్జర్ బహుమతి వచ్చింది. 2011లో ఒక స్పెయిన్ పత్రిక ఆరా తీస్తే, ఆ బిడ్డ అందరూ అనుకున్నట్టు ఆడపిల్ల కాదని, మగపిల్లాడని, ఆ కరవులోంచి బతికి బయటపడ్డాడని తండ్రి చెప్పాడు. 18 ఏళ్ళు జనం ఆ బిడ్డ కోసం ఏడ్చారు, ఫొటోగ్రాఫర్ని తిట్టారు. అప్పుడే ఎవరైనా నాలుగు వాక్యాలు సరిగా రాసి ఉంటే ఎలా ఉండేదోనని నాకు అనిపిస్తూనే ఉంటుంది. నువ్వు తీసే వాటిలో ఇంత భారం ఉండకపోవచ్చు. అయినా ప్రశ్న అదే. తెలిస్తే రాయి, తెలియకపోతే ఎందుకు తెలియదో రాయి. "బస్సు వచ్చింది, ఎక్కేశాను" అన్నది కూడా జవాబే.

రాసే పద్ధతి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఏ రోజుది ఆ రాత్రే రాసుకో. ముఖ్యంగా వాళ్ళు అన్న మాటలు, అన్నవి అన్నట్టు. పొద్దున్నకి ఆ మాటలు నీ మాటలైపోతాయి. వాళ్ళ యాసని నీ పుస్తకాల భాషలోకి దిద్దకు, అలాగని ప్రతి అక్షరం సాగదీసి వెక్కిరింపుగానూ రాయకు. మధ్యలో ఎవరో తర్జుమా చేసి చెబితే ఆ మూడో మనిషి కూడా వ్యాసంలో ఉండాలి. అతను ఏం మింగేశాడో మనకి తెలియదు కదా. ఫోనులో రికార్డు చేస్తే చేస్తున్నానని చెప్పి చెయ్యి. విశేషణాలు ఎలాగూ కొట్టేస్తావు, నేను చెప్పక్కర్లేదు.

నువ్వు వ్యాసంలో ఎక్కడ ఉండాలి అని అడిగావు. ఉండు. ఎక్కడ నిలబడ్డావో, ఎంతసేపు ఉన్నావో, ఎందుకు వెళ్ళావో తెలిసేంతగా ఉండు. కనబడకుండా దాక్కుంటే చదివేవాళ్ళకి ఆ ఇటుకలావిడ ఎవర్ని చూసి నవ్విందో తెలియదు. "వాళ్ళ జీవితాలు చూసి నా జీవితం ఎంత అదృష్టమో అర్థమైంది" అని చివర రాశావే, అది మాత్రం తీసెయ్. నీకు ఆ పాఠం చెప్పడానికి ఆవిడ అక్కడ ఇటుకలు మోయడం లేదు.

ఫొటో పంపిస్తానని ఎంతమందికి మాట ఇచ్చావో నాకు తెలియదు. ఇచ్చి ఉంటే పంపు, వ్యాసం కంటే ముందు. పంపలేనప్పుడు ఆ మాట ఇవ్వకు. ప్రింటు పట్టుకుని మళ్ళీ వెళ్ళడం కంటే మంచి సాకు ఇంకోటి లేదు. రెండోసారి వెళ్ళిన ఫొటోగ్రాఫర్‌తో జనం వేరేగా మాట్లాడతారు. ఫొటో చూసి ఏమంటారో అది నోట్ చేసుకో. "నేను ఇంత నల్లగా ఉన్నానా", "ఆ చీర కాకుండా ఇంకోటి కట్టుకునేదాన్ని", "పక్కన మా చెల్లెల్ని ఎందుకు కోసేశావు" అంటారు. నువ్వు కళాత్మకంగా కత్తిరించిన చోట వాళ్ళ చెల్లెలు ఉందన్నమాట.

ఇప్పుడు చెయ్యాల్సినవి. పిల్లాడి వ్యాసం పక్కన పెట్టెయ్, ఆ పిల్లాడితో నువ్వు ఒక్క మాటా మాట్లాడలేదని చదివితేనే తెలుస్తోంది. ఇటుకలావిడ పనిచేసే చోట పని ఇంకా సాగుతోందని రాశావు కాబట్టి ఒక ప్రింటు తీసుకుని వెళ్ళు. పని మధ్యలో కాదు, దిగిపోయే వేళకి. పడవాయనది మొదట్నుంచీ కొత్తగా రాయి. రాసేటప్పుడు ఫొటో ఎదురుగా పెట్టుకోకు, రేవుకి వెళ్ళు, టికెట్ కొనుక్కుని అటు ఇటు నాలుగుసార్లు దాటు, కెమెరా ఇంట్లో వదిలెయ్. ఈ రెండూ అయ్యాక ఫొటోలు లేకుండా పంపు. వచ్చే నెల మొదటి రెండు వారాలు నేను ఊళ్ళో ఉండను, ఆ తర్వాత పంపితే వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్ద రచయిత